ఇంటికొచ్చే సీను

ఆ రోజుల్లో మంచి చెయ్యాలని బయల్దేరితే మంచే జరుగుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. సిడ్నీలో నర్సింగ్ చదువుతూ, వారానికి మూడు రోజులు బ్లాక్‌టౌన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేసేవాణ్ణి. అక్కడ ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. 'హాలీవుడ్ తాత' అని పిలిచేవాణ్ణి (చాటుగానే లెండి). నలభై ఏళ్లు వాళ్ల దేశపు టీవీ సీరియళ్లలో చిన్న చిన్న వేషాలు వేశాడు. పేరు ఎవరికీ తెలీదు, మొహం చూస్తే మాత్రం "ఈయన్ని ఎక్కడో చూశామే" అంటారు. "నన్ను చంపితేగాని కథ మొదలయ్యేది కాదోయ్" అని నవ్వేవాడు. కూతురి మాట వస్తే ఆ నవ్వు ఆగిపోయేది. ఆవిడ ఇక్కడివాణ్ణి పెళ్లాడి సిడ్నీలో స్థిరపడిందని, ముసలితనంలో దగ్గరగా ఉందామని వచ్చాడు. మూడేళ్లయినా ఆవిడ ఒక్కసారీ చూడ్డానికి రాలేదు.

చివరికి ఎనభయ్యో పుట్టినరోజుకి వస్తానని కబురు పెట్టింది. తాత నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్లూ నేను ఊరికే తిరగలేదని దానికి తెలియాలి" అన్నాడు. ఇక నేనాగుతానా? మనవైపు షష్టిపూర్తికి వేస్తారే, అలాంటి వీడియో చేద్దామని ఆయన పాత సీన్లన్నీ వెతికి పట్టుకున్నాను. ఎడిట్ చేస్తూ చేస్తూ నా రూమ్మేట్ అన్న ఆగిపోయాడు.

"ఏరా, ఈయనేంట్రా ప్రతి దాంట్లోనూ పోతన్నాడు?"

"స్పెషలిస్టన్నా. నువ్వు మ్యూజిక్ వెయ్యి."

మ్యూజిక్ అంటే మా ఇద్దరికీ తోచింది సన్నాయి మేళమే. సీను ముగిసినప్పుడల్లా గట్టిమేళం పెట్టాం (ముగింపంటే చావే కదా అన్న సంగతి ఇద్దరిలో ఏ ఒక్కరికీ తట్టలేదు).

పుట్టినరోజు నాడు హాల్లో అందరినీ కూర్చోబెట్టి వీడియో వేశాను. తాత తెరమీదికి రాగానే సన్నాయి, తూటా తగలగానే గట్టిమేళం. మళ్లీ సన్నాయి, ఈసారి నీళ్లలో మునిగాడు, మళ్లీ గట్టిమేళం. ముందు వరసలో ఒక మామ్మగారు ఆయన పోయినప్పుడల్లా ఏడవడం, పక్కనే బతికున్న మనిషిని చూసుకుని చప్పట్లు కొట్టడం. నేనూ నవ్వాను. అంతలో కూతురు లేచి వరండాలోకి వెళ్లిపోయింది.

వెనకాలే పరుగెత్తి సారీ చెప్పాను.

"ఆ మునిగిపోయే సీను నా ఏడో ఏట చూశాను" అంది. "నటనేనని అమ్మ చెప్పింది. కానీ నాన్న నెలల తరబడి ఇంటికి రాలేదు. నిజంగానే పోయాడనుకున్నాను. ఆయన ఇంటికొచ్చే సీను ఒక్కటైనా లేదా?"

అన్నీ చూసినవాణ్ణి నేనే. లేదని చెప్పాను. ఆవిడ కేకు ముక్కయినా ముట్టకుండా వెళ్లిపోయింది. చేతులారా చెడగొట్టానని స్టోర్‌రూమ్‌లో దూరి ఏడ్చాను.

మర్నాడు తాతకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతా విని "నీ ఫోన్ తియ్యి" అన్నాడు. వాకర్ పట్టుకుని గది బయటికెళ్లి, తలుపు తోసుకుని లోపలికొచ్చి, "అమ్మలూ, వచ్చేశాను" అన్నాడు. బాగాలేదని మళ్లీ. వెలుతురు చాల్లేదని కర్టెన్ తీయించి మళ్లీ. నాలుగోసారి మాట సగంలోనే ఆగింది. అదే పంపించమన్నాడు.

ఆవిడ జవాబివ్వలేదు. ఆ జూలై చలిలోనే తాత పోయాడు. అంత్యక్రియల దగ్గర ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఆ వీడియో రోజూ చూస్తున్నాను. వచ్చే వారం వెళదాం, వచ్చే వారం వెళదాం అనుకుంటూనే ఉన్నాను" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఇప్పుడు డార్విన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఆ వీడియో నా దగ్గరా ఉంది. మొదట్లో "యాక్షన్!" అని ఒక కుర్రగొంతు వినబడుతుంది, ఏదో పెద్ద డైరెక్టరైపోయినట్టు. ఆ దర్జాకి నాకిప్పటికీ నవ్వొస్తుంది. తలుపు తెరుచుకునేదాకానే.