రెండో ట్యాంకులో అరవై రెండు లీటర్లు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే అక్కణ్నుంచి లేచిపోయే రకం నేను. మాది బొబ్బిలి. ట్యాంకుల్లో ఎంత ద్రవం ఉందో కొలిచే సెన్సార్లు బిగించడం నా పని. అంకె తేడా వస్తే కారణం వైరులోనో నీళ్లలోనో దొరికి తీరుతుందనే నమ్మకంతోనే ఇన్నేళ్లూ పనిచేశాను. పదేళ్లు కావస్తోంది, కళింగపట్నం దగ్గర ఒక్కచోట మాత్రం నాకు కారణం దొరకలేదు.

అక్కడ సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పొదిగించి పెంచే ఒక హేచరీ ఉండేది. సముద్రపు నీటిని మోటారుతో తోడి సిమెంటు ట్యాంకుల్లో నిల్వ చేసేవారు. ట్యాంకు అడుగున మేం పెట్టిన సెన్సార్ మీద నీరు ఎంత ఒత్తిడి పెడుతోందో చూసి, లోపల ఎన్ని లీటర్లున్నాయో కంప్యూటర్ చెబుతుంది.

ఒకరోజు మేనేజరు ఫోన్ చేశాడు. రెండో ట్యాంకులో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు అరవై రెండు లీటర్లు పెరుగుతున్నాయట. అరగంటకి మళ్లీ తగ్గిపోతున్నాయట. వాల్వులన్నీ మూసే ఉంటున్నాయి.

ఎండకి సెన్సార్ తేడా చేస్తోందనుకున్నాను. వెళ్లి కొత్తది వేశాను. వైరూ మార్చాను. పాతదాన్ని మూడో ట్యాంకులో వేస్తే చక్కగా పనిచేసింది. రెండో ట్యాంకులో కొత్తది కూడా ఒంటిగంటకి అదే అరవై రెండు చూపించింది.

మర్నాడు మూత తీసి, లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీశాను. ఒంటిగంటకి నా కళ్లముందే నీరు ఆ గీత దాటి వేలి మందం పైకొచ్చింది. చిన్న అల కూడా లేదు.

పక్కనున్న వర్కరు రామారావు తేలిగ్గానే అన్నాడు. "మడిసి దిగితే ఇలాగే పెరుగుతాది సారూ."

ఆ నీరు ఎలాగూ మార్చేదే. మట్టం తగ్గాక అతణ్నే దిగమన్నాను. వెల్లకిలా తేలాడు. అరవై ఎనిమిది లీటర్లు పెరిగాయి. అతని బరువు అరవై ఎనిమిది కిలోలు. తేలే వస్తువు తన బరువంత నీటిని పక్కకి తోస్తుందని బళ్లో చదువుకున్నదే. అంటే ఒంటిగంటకి పెరిగేది అరవై రెండు కిలోల మనిషి లెక్క.

కంప్యూటర్లో పాత రీడింగులు తీశాం. మధ్యమధ్య కొన్ని రోజులు మాత్రం అసలు పెరగలేదు. అవన్నీ పోలమ్మ పనికి రాని రోజులు.

పోలమ్మ అక్కడ ఊడ్చే మనిషి. ఆమె భర్త ఎర్రయ్య చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో అక్కడే ట్యాంకులు కడిగేవాడు. ఒంటిగంటకి ఇద్దరూ రెండో ట్యాంకు నీడలో కూర్చుని అన్నం తినేవారు. రెండు నెలల కిందట బోటు తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకొచ్చారు. అతను రాలేదు. శవం కూడా దొరకలేదు. కళ్లారా చూస్తే తప్ప బొట్టు తియ్యనని, కర్మ చెయ్యనివ్వనని ఆమె పట్టుబట్టింది. అత్తవారు మాటలు మానేశారు. ఆమె ఇంకా అక్కడే, ఆ ట్యాంకు గోడకి ఆనుకునే తినేది.

ఇదంతా రామారావు చెప్పాడు. ఆమెకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగాను. మూడోరోజు ఆమే అడిగింది.

"ఏటి బాబూ, నానొచ్చేసరికి ఆ మిసన్ కాడికి పరిగెడతన్నావు. ఏటున్నాది అందులో?"

అబద్ధం నోటికి రాలేదు. "నువ్వు కూర్చున్నంతసేపూ ట్యాంకులో నీళ్లు పెరుగుతున్నాయక్కా. ఒక మనిషి బరువంత."

"ఎంత?"

"అరవై రెండు."

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. "జొరమొచ్చినప్పుడు ఆసుపత్రిలో తూసినారు మా మావని. అరవై రెండే."

చెయ్యి కడుక్కుని ట్యాంకు గోడ మీద అరచెయ్యి ఆన్చింది.

"ఎన్నాళ్లిలాగ నాకోసం తిరుగుతావు మావా? ఎల్లిపో. పిల్లల్ని నాను సూసుకుంతాను."

నేను మొహం తిప్పుకున్నాను.

ఆ వారంలోనే ఒడ్డున కర్మ జరిగింది. అత్తవారూ వచ్చారు. నేను వెనకగా నిలబడ్డాను. తర్వాత పది రోజులు గమనించాం. పోలమ్మ అక్కడే కూర్చుని తిన్నది కానీ నీరు మాత్రం పెరగలేదు. ఏం రిపేరు చేశావని మేనేజరు అడిగితే, సెన్సార్ మార్చానని రిపోర్టులో రాసిచ్చాను.

నీరు పెరగడం నా కళ్లతో చూశాను. ఎందుకు పెరిగిందో ఈరోజుకీ చెప్పలేను. ఎర్రయ్యే వచ్చాడని అనలేను. రాలేదని పోలమ్మ ముందు నిలబడి అనే ధైర్యమూ నాకు లేదు.