గఫార్ భాయ్ నిక్కరు

గఫార్ భాయ్ ట్రాక్టరు బాగుచేయడానికి వచ్చాడంటే మొదట చేసే పని లుంగీ విప్పడం. దాన్ని మడతపెట్టి తన మోటార్‌సైకిల్ సీటు మీద ఉంచి, ఖాకీ నిక్కరుతో నిలబడతాడు. పైన తెల్లగడ్డం, కింద కొంగ కాళ్లు. కురవి చుట్టుపక్కల ఊళ్లకు ఆయన నిక్కరు గఫార్. ఆ పేరు చెవిన పడినా నవ్వి ఊరుకుంటాడు. నవ్వకుండా చెప్పే మాట ఒకటే: "మీరు గూడ ఇప్పుండ్రి."

మొన్న ఏప్రిల్‌లో టీక్యా కల్లంలో సంచులు పట్టడానికి పోయిన నాతో అదే మాట అన్నాడు.

టీక్యాది మా పక్క తండా. అతని ముసలి ట్రాక్టరు వెనక మక్కలు పట్టే, అంటే మొక్కజొన్న కంకుల గింజ ఒలిచే మిషన్ ఉంటుంది. ఆ మిషన్‌ను తిప్పేది ట్రాక్టరు వెనక ఉండే పీటీవో షాఫ్టు, గిర్రున తిరిగే ఇనుప కడ్డీ. ఆ రోజు లివరు తీసినా షాఫ్టు ఆగడం లేదు. మిషన్‌లో గింజ రాలిన బెండ్లు ఇరుక్కుంటే చెయ్యి పెట్టే వీల్లేదు. పంటంతా కుప్పగా పడి ఉంది, పడమట మబ్బు దిగుతోంది. తడిసి బూజు పట్టిన మక్కలను ఎవడూ కొనడు.

"ఐలేశ్, లుంగీ ఇప్పు," అన్నాడు గఫార్ భాయ్.

కంకులు ఎత్తడానికి వచ్చిన ఆడవాళ్లంతా చూస్తున్నారు. లోపల ఏమీ లేదని వాళ్ల ముందు ఎట్లా చెప్పేది?

"సలి వెడ్తది భాయ్."

"గీ ఎండల సలేందే అన్నా?" టీక్యా భార్య ఈదమ్మ పకపకా నవ్వింది.

"నువ్వు నవ్వకు బేటీ. తలమీది ఓణీ తీసి జర దూరం వెట్టు."

టీక్యా ముఖం ముడుచుకున్నాడు. "మా ఇంటిదాని ఓణీ నీకెందుకు భాయ్? బండి సూడు."

గఫార్ భాయ్ ఇంజన్ ఆపించి, లివరు తీసే ఉంచి, షాఫ్టును చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు.

"సూసినవా? లివర్ బయటికొచ్చింది గని లోపట గేరు పండ్లు ఇడ్వలే. అరే, పిన్ను జాగల ఇనుప మొల గొట్టినవా?"

"ఇన్నొద్దులు నడిసింది గద భాయ్."

"నేనొచ్చేదాంక ఇంజన్ ముట్టకు," అని పిన్ను కోసం కల్లం అవతలున్న తన మోటార్‌సైకిల్ వైపు నడిచాడు.

తొలి చినుకు పడింది. టీక్యా ఆగలేకపోయాడు. "లివర్ తీసే ఉన్నది, ఏం గాదు," అంటూ ఇంజన్ స్టార్టు చేశాడు. నేను షాఫ్టు కింద పడి ఉన్న ఖాళీ సంచి లాగడానికి వంగాను.

ఎవరో లుంగీ గుంజినట్టయింది. ఈ వయసులో నాతో ఈ పరాచకం ఎవరిదా అని తిరిగేలోపే నడుము షాఫ్టు వైపు పోయింది. పర్రుమంది. చూస్తే నేను బెండ్ల కుప్ప మీద కూలబడి ఉన్నాను, ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. షాఫ్టు నా లుంగీ కట్టుకుని తాపీగా తిరుగుతోంది.

కల్లమంతా ఒకటే నవ్వు. "అన్నకు సలి వెడ్తదట, బస్త గప్పుండ్రే!" అంది ఈదమ్మ.

గఫార్ భాయ్ ఉరికొచ్చి ఇంజన్ ఆపాడు. నా వైపు చూడలేదు. షాఫ్టుకు చుట్టుకున్న గుడ్డను మెల్లగా విప్పి, వేళ్ల మధ్య రుద్ది చూశాడు. తర్వాత టైరుకు ఆనుకుని కూలబడ్డాడు.

"నూలుది. పాతది. సినిగింది."

"ఇంకోటి కొనుక్కుంట తీ భాయ్," అన్నాను సంచి అడ్డం పెట్టుకుంటూ.

"మా వాజిద్‌ది సినగలే."

ఆయన తమ్ముడు వాజిద్ ట్రాక్టరు దగ్గర పోయాడని మాత్రమే మాకు తెలుసు.

"రంజాన్‌కు నేనే దెచ్చిన. పాలిస్టర్ లుంగీ, మెరుస్తుండె. మిషన్ కాడికి పాతది కట్టుకొని పోతనన్నడు. పండుగ పూట పాతదేందిరా అన్న." చేతిలోని గుడ్డను నలిపాడు. "షాఫ్టు గుంజుతనే ఉన్నది గని అది సినగలే. అమ్మ గుర్తువట్టలే వాన్ని. పాతదైతే వాడు గూడ నీ తీరుగనే బరిబాతల నిలవడు. మేం నవ్వుతుంటిమి. గంతే గద."

వాన జోరందుకుంది. టీక్యా కుప్ప వైపు చూశాడు. తాళంచెవి తీసి గఫార్ భాయ్ చేతిలో పెట్టి, టార్పాలిన్ పట్టా కప్పడానికి పోయాడు. పట్టా సగం కుప్పకే సరిపోయింది.

గఫార్ భాయ్ తన లుంగీ తెచ్చి నా మీదికి విసిరి, పిన్ను పట్టుకుని ట్రాక్టరు కిందికి దూరాడు. ఈదమ్మ ఓణీ తీసి, మడతపెట్టి, ఖాళీ అయిన ఆయన మోటార్‌సైకిల్ సీటు మీద పెట్టింది.

లుంగీ కట్టుకోబోతే నా బొటనవేలు దాంట్లోంచి దూరిపోయింది. అన్నీ అతుకులే, గట్టిగా ముడేస్తే చిరిగేంత నాసి గుడ్డ. కట్టుకుని రెండడుగులు వేశానో లేదో, ట్రాక్టరు కింద నుంచి కేక వినిపించింది.

"గాడనే ఉండు ఐలేశ్! ట్రాక్టర్ కాడికి రాకు!"