మేక నాలుక వేపుడు

ఎనభైల్లో మాచర్లలో ఉండేవాళ్లం. నా మనవరాలికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. మూగదవుతుందేమోనని అందరికీ దిగులు. అలాంటి పిల్లలకు మేక నాలుక పెట్టడం మా పుట్టింటి ఆచారం. కోడలు ముఖం చిట్లించినా వినకుండా, ప్రతి ఆదివారం నాలుక ఉడకబెట్టి, పైతోలు గీకి, మిరియాలేసి వేయించి తినిపించాను.

ఐదో ఆదివారం గురజాల నుంచి వియ్యపురాలు వచ్చింది. వేరే కూరెందుకని ఆమెకూ ఆ వేపుడే వడ్డించాను. మొదట జంకినా, రుచి తెలిశాక మళ్లీ వేసుకోబోయింది.

"చాల్లేవే, ఇంకెంత మేస్తావు!" అంది పిల్ల, గట్టిగా.

అది ఇంట్లోవాళ్లను రోజూ నేననే మాట! నాకు తల కొట్టేసినట్టయింది. కోడలు పిల్లను ఎత్తుకొని ఏడ్చేసింది. వియ్యపురాలు పగలబడి నవ్వి, "నాలుక మేకదేగానీ వదినా, మాట మాత్రం నీదే!" అంది.

మాటలు రాని పిల్ల అన్నీ వింటూనే ఉంటుందని నాకు తోచనేలేదు. ఆ పూట వియ్యపురాలికి మూడోసారి కూడా నేనే కొసరి వడ్డించాను.