దీపం వత్తుల దూది

గచ్చిబౌలిలో మా ఆఫీసులో కొత్త క్యాబిన్ కోసం అల్యూమినియం కోస్తున్నారు. ఆ కీచుమోతకు చెవులు మూసుకోగానే, దూది పట్టుకున్న అమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

పుప్పాలగూడలో మా కిరాయి ఇంటి వరండాయే నాయిన కార్ఖానా. అపార్ట్‌మెంట్ల కిటికీలకు అల్యూమినియం అక్కడే కోసేవాడు. మిషన్ వేసేముందు అమ్మ, దీపం వత్తులకు తెచ్చిన దూదిని ఉండలు చేసి నా చెవుల్లో పెట్టేది. నాయినకూ ఇవ్వబోయేది.

"నాకొద్దే. చప్పుడు వినకుంటే బ్లేడు బిగుసుకుంటున్నదని ఎట్ల తెలుస్తది?" అనేవాడు.

మిషన్ ఆగగానే నేను వెనకనుంచి "నాయినా!" అని పిలిచేదాన్ని. మొదట్లో వెంటనే తిరిగి నవ్వేవాడు. రానురాను పలకడం తగ్గిపోయింది. స్కూల్లో పాటకు ప్రైజు తెచ్చుకున్న రోజు, మిషన్ ఆగాక గడపలో నిలబడి ఎంతసేపు పిలిచానో. అల్యూమినియం రజను వెండిలా మెరుస్తున్న ఆ వీపు ఇటు తిరగలేదు. నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను. ప్రైజు గిన్నె బియ్యం డబ్బా వెనక దాచేసి ఏడ్చాను.

సాయంత్రం అన్నం తింటూ నాయిన అమ్మను మెల్లగా అడిగాడు.

"బిడ్డ ఈ నడుమ నన్ను పిలుస్తనే లేదేంది? నా మీద అలిగిందా?"

ఇంత అబద్ధమా అని నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్ మోతకు నాయిన చెవులు పోయాయని దవాఖానలో తేలింది చాలా ఏళ్ల తర్వాత. అప్పటికి నేను పిలవడం నిజంగానే మానేశాను.