లెక్కలోకి రాని సున్నా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో నాకు కంప్యూటర్ పని. పని అంటే, ఇంకొకరు రాసి వెళ్ళిపోయిన వెబ్ పేజీలు మొరాయిస్తే బాగుచేయడం. మండలాల నుంచి వాన లెక్క ఫోనులో వచ్చేది. దాన్ని డేటాబేసులోకి ఎక్కిస్తే, అంతకుముందు నెల వానను బట్టి మండలాలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు ఒక పేజీ వరసగా చూపించేది. ఆ వరసలో పైనున్న మండలాలకు పశువుల గడ్డి లారీలు పోయేవి.

ఆగస్టు మొదట్లో ఒక ఉదయం మా చిన్నాయన కళ్యాణదుర్గం బస్సు దిగి తిన్నగా ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా మండలానికి గడ్డి లేదంట, ఏంటికిరా? మీ మామ ఎద్దుల్ని సంతకు తోలుకుపోయినాడు. గడ్డి వస్తాదంటే ఎనక్కి తోలుకొస్తాడు, లేదంటే ఈపొద్దే అమ్మేస్తాడు."

ఆ ఎద్దుల్ని అదే ఊళ్ళో ఉండే మా మామ దూడలప్పుడు తెచ్చి పెంచాడు. ఒకసారి అమ్ముకున్నాక మళ్ళీ అలాంటి జత కొనడం మా వైపు సేద్యగాడికి అయ్యే పని కాదు.

పేజీ తెరిచాను. చిన్నాయన మండలం పైన లేదు, కింద లేదు, అసలే లేదు. లారీలు పంపే మా ఆఫీసు పెద్దాయన పక్క బల్ల నుంచే, "లిస్టులో లేదంటే వాన పడుంటాదిలే" అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. నాకు ఒళ్ళు మండింది. వాన పడితే ఎంత పడిందో చూపించాలి గానీ పేరే మాయమవుతుందా? లారీలు మధ్యాహ్నం బయల్దేరతాయి.

ఇలాంటప్పుడు అందరూ ముందు కరెంటును తిడతారు, తర్వాత వైర్లను. డేటాబేసు పాస్‌వర్డ్ తప్పయితే పేజీ మొత్తం రాదు. మిగతా మండలాలు వస్తున్నాయి కాబట్టి డేటాబేసు దాకా దారి బాగానే ఉంది. మండలం పేరు తప్పు కొట్టారేమో చూశాను, సరిగానే ఉంది. చివరికి పేజీ అడిగే ప్రశ్ననే తీసుకుని డేటాబేసును నేరుగా అడిగాను. చిన్నాయన మండలం మొట్టమొదట వచ్చింది, వాన సున్నా. అంటే డేటాబేసు ఇస్తూనే ఉంది, పేజీ మింగేస్తోంది.

స్క్రిప్టును ఒక్కో లైనే చదువుకుంటూ పోతే దొరికింది. వాన అంకె ఉంటే మండలాన్ని చూపించు, లేకపోతే వదిలెయ్ అని రాసుంది. అలా అడిగితే ఆ కంప్యూటర్ భాష సున్నాను కూడా ఏమీ లేనట్టే లెక్కేస్తుంది. రాసినాయన కోస్తా మనిషి, తెలివైనవాడే. వానాకాలంలో నెలకు సున్నా అంటే లెక్క ఇంకా రాలేదని అనుకునుంటాడు. వాళ్ళ వైపు అది నిజమే కావచ్చు. ఇక్కడ మాత్రం నాలుగు చినుకులు పడిన మండలాలు లిస్టు పైన కూర్చున్నాయి, ఒక్క చుక్కా పడనిది బయట నిలబడింది.

అంకె అసలు రాకపోతేనే వదిలెయ్, సున్నా వస్తే చూపించు అని ఆ లైను మార్చాను. పేజీ మళ్ళీ తెరిచాను.

"వచ్చింది చిన్నాయనా."

"యాడ?"

ఇంతసేపూ పేజీ తప్పు చూపించిందని చెప్పి, వేలు పెట్టి చూపించాను. అన్నిటికన్నా పైనే ఉంది.

"ఉండాదిరో!" అని ఆఫీసంతా వినపడేలా అరిచాడు. సంత పక్కనున్న టీకొట్టుకు ఫోను చేయించి, మామ లైన్లోకి వచ్చేదాకా ఒక్కచోట నిలవలేదు. "అమ్మినావా?... అమ్మలేదు కదా? తోలుకోని ఇంటికి పోప్పా. గడ్డి వస్తాండాది!"

లిస్టు ప్రింటు తీసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. నాకు చాలా సంతోషమేసింది. తప్పు దొరికిన రోజు హోటలు సాంబారు కూడా రుచిగా ఉంటుంది.

చిన్నాయన మాత్రం కదల్లేదు. అప్పుడు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. మండలం పేరును, దాని పక్కనున్న సున్నాను చాలాసేపు చూశాడు. మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఇంతసేపూ తప్పు చూపించినాది అంటివి కదప్పా. ఇప్పుడు చూపించేది నిజమేనా?"

"నిజమే చిన్నాయనా."

ఆయన లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"జూన్ ఆఖరు పదునుకు ఇత్తిన శెనక్కాయంతా మొలవకుండా మన్నులోనే ఉండాది. ఈ సున్నా ఒక్కటి నీ కంప్యూటర్ తప్పయ్యింటే ఎంత బాగుండురా" అన్నాడు.