గొంతు మారింది, విని వెళ్లండి

పాటలవాళ్లందరూ ఆమెను మేనేజరమ్మ అనేవారు. ఎదుట నవ్వుతూ, చాటున పళ్లు కొరుకుతూ. ఆమె బతుకు ఒక ఆడిటోరియం టికెట్ కిటికీ వెనక మొదలైంది. ఎవరి పేరు చెబితే జనం ఎగబడతారో, ఎవరి పేరుకు మొహం చిట్లిస్తారో ఆ కిటికీలోంచే నేర్చుకుంది. ఆ విద్య ఏ కాలేజీలో చెబుతారు చెప్పండి!

కొత్తవాళ్లను ఎంచుకోవడానికి ఆమెకో పద్ధతి ఉండేది. రికార్డింగులు పంపితే వినేదే కాదు. ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. వచ్చినవాళ్లను మెట్ల మీద నిలబెట్టి పాడమనేది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆగి వింటే సరే, తప్పుకుని పోతే "వెళ్లిరా నాయనా" అనేది. ఒకరోజు ఒక దర్జీ కూతురు పాడుతుంటే, నీళ్ల డబ్బా మోసుకొస్తున్న మనిషి బరువు భుజాన ఉంచుకునే పాట అయ్యేదాకా నిలబడిపోయాడు. ఇంకేం కావాలి? ఆరేళ్లలో ఆ పిల్ల పాట మోగని బస్సు లేదు. మేనేజరమ్మను పిన్నీ అని పిలిచేది ఆ పిల్ల ఒక్కతే.

పాడటం మొదలెట్టిన ఏడో ఏట ఆ పిల్ల గొంతులో చిన్న కాయ లేచింది. ఆపరేషన్ అయ్యాక తీగలా సాగే గొంతు కాస్తా బొంగురుపోయింది. పై స్థాయి అందడం లేదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంపెనీ పదూళ్ల ప్రదర్శనలంటూ వచ్చింది. షరతు ఒకటే. పాత రికార్డింగు మోగుతుంది, అమ్మాయి పెదవులు కదిపితే చాలు.

"చస్తే కుదరదు," అంది మేనేజరమ్మ.

"ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు కంపెనీ ఆయన.

"దానికి తెలుసు, నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇంకెంతమంది కావాలి?"

ఆయన వెళ్లగానే ఆ పిల్ల ఒంటికాలి మీద లేచింది. "మీ మొండితనానికి నా బతుకు బలి కావాలా పిన్నీ? జనం నవ్వితే మీకేం? అక్కడ నిలబడేది నేను!"

ఆ మాట మేనేజరమ్మకు సూటిగా తగిలింది. అందులో అబద్ధం లేదు మరి.

"నిజమే, నిలబడేది నువ్వే. ఒక్కసారి ఈ గొంతుతో నిలబడు. జనం వద్దంటే, ఆ కంపెనీ కాగితం మీద నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తా."

మేనేజరమ్మ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక హాలు మాట్లాడింది. పోస్టరు మీద పిల్ల ఫోటో, కింద పెద్దక్షరాల్లో: 'గొంతు మారింది. విని వెళ్లండి.'

ప్రెస్సు యజమాని నోరెళ్లబెట్టాడు. "మతి ఉండే రాయిస్తున్నారా అమ్మా? సరుకు పాడైందని బోర్డు పెట్టుకుంటారా ఎవరైనా?"

"పాడైందని ఎక్కడ రాశాను? మారిందని రాశాను. కళ్లజోడు పెట్టుకుని చదువు!"

హాలు ముప్పాతిక నిండింది. సగం మంది వినడానికి, సగం మంది వేడుక చూడటానికి. కంపెనీ ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. మొదటి పాటలో, పైకి ఎక్కేచోట గొంతు పగిలింది.

"పాత గొంతు కావాలి!" అని ఎవడో అరిచాడు. గొల్లున నవ్వులు.

పిల్ల పాట ఆపేసింది. వాద్యాలూ ఆగిపోయాయి.

"నాకూ అదే కావాలండీ," అంది మైకులో. "ఏడ్చి ఏడ్చి అడిగాను, డాక్టరు తిరిగివ్వలేకపోయాడు. ఇప్పుడున్నది ఇదే. వద్దనుకున్నవాళ్లు వెళ్లొచ్చు. అందాకా ఆగుతాను."

అని నిజంగానే చేతులు కట్టుకుని నిలబడింది. మేనేజరమ్మ తెర పక్క నుంచి గబగబా హాల్లోకి నడిచి, తలుపులు రెండూ తన చేత్తోనే బార్లా తెరిచింది. నలభై మంది దాకా లేచిపోయారు. ఇక ఎవరూ లేవడం లేదని చూసుకుని తలుపులు మూసింది. పిల్ల శ్రుతి ఇంకో మెట్టు తగ్గించి, మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకుంది. అదే చోట గొంతు మళ్లీ పగిలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విరామంలో కంపెనీ ఆయన లోపలికొచ్చాడు. "నలభై మంది వెళ్లిపోయారు, చూశావామ్మా?" అన్నాడు పిల్లతో.

మేనేజరమ్మ కోపంతో జవాబివ్వబోయింది. అవసరం పడలేదు.

"చూశానండీ," అంది పిల్ల మంచినీళ్ల గ్లాసు దించి. "మిగతావాళ్లు బయట హాల్లో కూర్చుని ఉన్నారు. మీ పదూళ్లకీ ఆ రికార్డింగునే పంపించుకోండి. నేను రాను."