నాలుగడుగుల బేరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను చచ్చిపోయానండీ! నవ్వకండి, టీ పొలమారుతుంది. నడుముకి ఏడొందల బంగారు వరహాలు కట్టుకుని మరీ, పాము కాటుకి పోయాను. ఎంత గొప్పగా పోయానో వింటే మీకే కుళ్ళొస్తుంది.

మా మనవరాలు దుర్గ గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది కదా. దాని ఫ్రెండ్ గ్రేస్, మన పక్కన గూడూరు పిల్ల. ఆదివారం చర్చి అవగానే డైస్ సంచీ పట్టుకుని బందరులో మా ఇంటికి వచ్చేస్తుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. మనమంతా వీరులం. రాక్షసులు, కొట్లవాళ్ళు, పాములు, అన్నీ గ్రేసే. మనం ఏం చేస్తామో నోటితో చెప్పాలి, గెలుపోటములు ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. రూళ్ళు రెండే: నోటితో అన్నామా, చేసేసినట్టే. చచ్చామా, కథ ముగిసేదాకా ఆటలోంచి ఔటు. ఈ కథ ముగియడానికి ఇంకా మూడు నెలలట!

రెండు నెలలుగా నేను లేనిదే వాళ్ళకి ఆట లేదండీ. దుర్గ మంత్రగత్తె, నేను గండ్రగొడ్డలి వీరుణ్ణి. గుహలో రాక్షసుణ్ణి ఒక్క వేటుకి రెండు ముక్కలు చేశాను. డైస్ మీద పంతొమ్మిది! గ్రేస్ పద్దెనిమిది అంటుంది, దాని కళ్ళజోడు మార్చాలి. ఆ గుహలో దొరికాయి ఏడొందల వరహాలు. సంచీ ఎవరు మొయ్యాలి? నలభై ఏళ్ళు చేపల రేవులో బేరాలాడినవాణ్ణి, నేను కాక ఇంకెవరు?

"తాతయ్యా, దాచుకోడానికి కాదు అది," అంది దుర్గ. "ముందు మడుగులో విషప్పాముంది. విరుగుడు మందు కొనాలి. సంచీలో బంగారం కాటుకి అడ్డం రాదు."

సరే, కొట్టుకి వెళ్ళాం. గ్రేస్ గొంతు మార్చి కొట్టువాడైపోయింది. "విరుగుడు సీసా ఐదొందల వరహాలండి."

"వంద," అన్నాను.

దుర్గ తల పట్టుకుంది. నేను మూత తీసి వాసన చూస్తానన్నాను. మొప్ప ఎత్తి చూడకుండా ఏ సరుకైనా కొన్నానా నా జన్మలో? "నిన్నటి సరుకులా ఉందే! నూట ఇరవై, ఆఖరు మాట."

"ఐదొందలేనండి."

అప్పుడు తీశాను నా బ్రహ్మాస్త్రం. రేవులో మీరంతా చూసినవాళ్ళే. బేరం కుదరకపోతే వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తాను. అయిదో అడుగు పడేలోపు "బాబాయ్, ఓ బాబాయ్, రండి!" అని కేక పడాల్సిందే. అమ్మేది సొరచేపైనా పిలిచేదండీ!

"నాకక్కర్లేదు, వెళ్ళిపోతున్నాను," అని కుర్చీలోంచి నిజంగానే లేచాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కేక లేదు. అయిదు. కొంచెం చిన్న అడుగులు వేశాను. గడప దాటాను. వరండాలో మా ఆవిడ నాగరత్నం రొయ్యలు ఒలుస్తోంది.

"ఎక్కడికయ్యా?"

"బేరం. పిలుస్తాడు, ఉండు."

"ఎవరు?"

ఎవరూ పిలవలేదు. తిరిగొచ్చేసరికి గ్రేస్ కాగితం మీద ఏదో రాసుకుంటోంది. "మీరు ఊరు దాటేశారు తాతగారూ. ఎదురుగా మడుగు."

"అదేంటమ్మా, వాడు పిలవలేదే!"

"ఎందుకు పిలుస్తాడండీ? చుట్టుపక్కల విరుగుడు అమ్మేది వాడొక్కడే. వెనక్కి వెళ్తారా?"

"వెళ్దాం తాతయ్యా, ఐదొందలు ఇచ్చేద్దాం," దుర్గ బతిమాలింది.

వెనక్కి వెళ్ళి, చెప్పిన ధరకి కొనాలా? నేనా? ఆ మాట రేవులో తెలిస్తే రొయ్యపిల్లలు కూడా నవ్వుతాయి! "పామెంత, దాని బతుకెంత, పద," అన్నాను.

లేచిందండీ పాము. గ్రేస్ చెప్పినదాని ప్రకారం పది అడుగులు. నేను చూసినదాని ప్రకారం మన లైట్‌హౌస్ అంత! తిన్నగా దుర్గ మీదికి దూకింది. నేను అడ్డం పడి, వరహాల సంచీ చూపించి, "ఇవన్నీ తీసుకో, పిల్లని వదిలెయ్," అన్నాను.

"పాముకి బంగారం ఎందుకు తాతగారూ?" అంది గ్రేస్. డైస్ వేస్తే నాకు రెండు పడింది. కాటు భుజం మీద. అయినా తగ్గానా? అదే సంచీ గిరగిరా తిప్పి దాని నెత్తిన ఒక్కటిచ్చాను. ఇరవై పడింది! ఇది మాత్రం గ్రేస్ కూడా ఒప్పుకుంది. పాము చచ్చింది. మరుక్షణం, విరుగుడు లేక, నేనూ.

మూడు నెలల ఆదివారాలు వరండాలో రొయ్యల తలకాయల మధ్య కూర్చోవాలా అని నాకు గుండె జారిపోయింది. దుర్గ మాత్రం చకచకా నా శవం మీంచి సంచీ విప్పుకుని, వెనక్కి ఆ కొట్టుకే పరిగెత్తింది.

"చచ్చినవాణ్ణి బతికించే మందుందా?"

"ఉందండి. ఏడొందలు."

"ఇచ్చెయ్," అంది నా మనవరాలు. అంతే! కనీసం మొహం చిట్లించలేదు!

శవాన్నే అయినా ఆగలేకపోయాను. "ఏడొందలేంటే! నాలుగడుగులు వెయ్యవే, పిలుస్తాడు!"

"చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు తాతగారూ," అంది గ్రేస్.

దుర్గ నావైపు తిరిగి, "నువ్వు పోయాక ఈ బంగారంతో ఏం చేసుకోను తాతయ్యా?" అని మొత్తం గుమ్మరించేసింది. అలా లేచి కూర్చున్నానండీ! ఒక్క వరహా మిగల్లేదు. చూసుకోండి మరి, బందరులో ఇంతమంది ఉన్నారు, మనవరాలు పైసా బేరమాడకుండా వెనక్కి కొనుక్కున్న మనిషి ఇంకొకడున్నాడా?

ఇదే మాట ఛాతీ విరుచుకుని వరండాలో నాగరత్నానికి చెప్పాను. ఆవిడ రొయ్య మీంచి కళ్ళెత్తలేదు.

"పిల్ల మోసపోయింది. ఓ నాలుగడుగులు వేసుంటే వందకే ఇచ్చేవాడు."